చప్పుడు చేయని సావరిన్

మానవజాతి సాధించిన సమస్త విజయాలకూ తలమానికమైనది, ఇంజిన్ నడుస్తున్న కారు బానెట్ మీద నిలువుగా పెట్టిన రూపాయి బిళ్ళ పడిపోకుండా నిలబడటం. సామ్రాజ్యాలు కూలాయి, ఆనకట్టలు తెగాయి. ఆ బిళ్ళ మాత్రం, ప్రొద్దుటూరు మోటారు షెడ్లలో చెప్పుకునేదాన్ని బట్టి, తొంభై ఏళ్ళుగా నిలబడే ఉంది.

ఆ కీర్తికి హక్కుదారు 1931 నాటి ఆల్డ్‌విక్ సావరిన్. మామూలు ఇంజిన్లలో వాల్వులు స్ప్రింగుల మీద టకటకా కొట్టుకుంటాయి. సావరిన్‌ను రూపొందించిన ఇంజినీర్లు ఆ మోటుతనాన్ని సహించలేకపోయారు. సిలిండరుకూ పిస్టనుకూ మధ్య ఉక్కు గొట్టాలు అమర్చి, అవి నూనె పొర మీద పైకీ కిందికీ జారుతూ, తమ ఒంటికి ఉన్న రంధ్రాల గుండా గాలిని లోపలికీ పొగను బయటికీ పంపేలా చేశారు. వాటి పేరు స్లీవ్ వాల్వులు. దక్కింది రాజసమైన నిశ్శబ్దం. చెల్లించిన మూల్యం, తీరని నూనె దాహం, వెనుక తోకలా నీలి పొగ. బ్యాటరీతో స్టార్ట్ చేసి, వేగం అందుకున్నాక స్టీరింగు మీది ఇత్తడి మీటను కుడికి తోస్తే, ఇంజిన్ తిరుగుడు నుంచే కరెంటు పుట్టించే మాగ్నెటో పని అందుకుంటుంది. ఆపైన బ్యాటరీతో అవసరం లేదు.

ఒక జమీందారు ఓడలో తెప్పించుకున్న ఈ వైభవం చేతులు మారి మారి, ప్రొద్దుటూరులో మున్వర్ షెడ్డుకు చేరి, పెండ్లి ఊరేగింపులకు బాడుగకు తిరుగుతోంది.

దాని కోసమే ఢిల్లీ గూఢచారి సంస్థ ఏజెంట్ ఫయాజ్‌ను పంపింది. బ్రీఫింగ్ క్లుప్తంగా జరిగింది. ముఠా పేరు మెరిడియన్. టార్గెట్, గండికోట ఉత్సవాలకు వస్తున్న మిత్రదేశపు రాయబారి. జమ్మలమడుగు నుంచి కోట దాకా ఆయన ఎక్కబోయేది సావరిన్. పద్ధతి తెలియదు.

“తెలుసుకో,” అన్నాడు డైరెక్టర్.

కడప జిల్లా ఖాజీపేటలో పుట్టిన ఫయాజ్‌కు వేషం కష్టం కాలేదు. కువైట్ నుంచి తిరిగొచ్చిన ఏసీ మెకానిక్‌గా షెడ్డులో చేరాడు. అతని దగ్గరున్న పరికరాలలో ఘనమైనది నిమ్మకాయ ఆకారంలోని అకౌస్టిక్ సెన్సర్. దిష్టి కోసం మిరపకాయలతో కలిపి కారు ముందు వేలాడదీశాడు. ఆ జిల్లాలో నిమ్మకాయ లేని బండినే అనుమానిస్తారు. సెన్సర్ పంపిన ధ్వనిని పరిశీలించిన ఢిల్లీ ల్యాబ్, శబ్దం దాదాపు శూన్యమనీ, స్లీవ్ వాల్వ్ ఇంజినీరింగ్‌కు ఇంతటి తార్కాణం ప్రపంచంలో మరొకటి లేదనీ రిపోర్టు ఇచ్చింది.

ఫయాజ్‌కు ఒక్క సందేహం మిగిలింది. “నీలి పొగ రాదేంది మామా?”

మున్వర్ నొచ్చుకున్నాడు. “పొగ యాడిది అప్పా? బండిని చూసుకునేది చేతగానోళ్ళకు వస్తాది పొగ.”

“బానెట్ ఒకసారి ఎత్తి చూస్తా.”

“అది ఎత్తేది నేనొక్కన్నే. మా నాయన గూడా నన్నడిగే ఎత్తేటోడు.”

బానెట్‌కు బంగారు అంగడికి వేసేటంత తాళం ఉంది. కారు తీసిన ప్రతిసారీ మున్వర్ తలపాగా సర్దుకుని, చోక్ లాగి, చెవి ఒగ్గి విని, తల పంకించి, కదిలాక ఇత్తడి మీటను కళ్ళకద్దుకుని కుడికి తోసేవాడు. పెండ్లివారు ఆ తంతును వీడియో తీసుకునేవారు. వెనుక సీటుకు పైన పెండ్లికూతురి కోసం చిన్న ఫ్యాను కూడా ఉంది.

మెరిడియన్ లోపల ఢిల్లీకి ఒక మనిషి ఉంది. అల్ఫియా. దుబాయ్ వజ్రాల షాపుల్లో నేర్చిన నడక, నల్ల కళ్ళద్దాలు, అయిదు భాషలు. ముఠా ఆమెను తమ మనిషే అనుకుంటోంది. రాయబారి పక్కన దుబాసీగా కూర్చోబోయేది ఆమే. ఈ పనికి ఆమెను ఒప్పించింది ఫయాజ్. ప్రొద్దుటూరు బస్టాండు దగ్గర విడిపోయేటప్పుడు ఆమె అద్దాలు తీసి ఒకే మాట అడిగింది.

“నేను పోతే మా అమ్మకు నువ్వే చెప్పల్ల. ఫోన్లో గాదు. ఇంటికి పొయ్యి.”

ఉత్సవం నాటి పొద్దున, పులివెందుల దగ్గరి ఒక అరటికాయల గోదాములో ఫయాజ్ మెరిడియన్ బాంబు నిపుణుణ్ణి పట్టుకున్నాడు. ముఠాలో అతని పేరు ప్రొఫెసర్. గెలల మధ్య కట్టేసి కూర్చోబెట్టినా అతని ముఖంలో తృప్తి చెదరలేదు.

బాంబు వెనుక సీటు కింద ఉంది. దానికి బ్యాటరీ లేదు, కాబట్టి ఏ స్కానరుకూ దొరకదు. మీట కుడికి జరిగిన క్షణాన మాగ్నెటో నుంచి కరెంటు వస్తుంది. అంతటితో రాయబారి కథ ముగుస్తుంది. అల్ఫియా కథ కూడా. ఆమె ఎవరి మనిషో తమకు నెలనాడే తెలుసని, అందుకే ఆ సీటు ఇచ్చామని ప్రొఫెసర్ మర్యాదగా చెప్పాడు. డాష్‌బోర్డు కింద తీగ కలపడానికి కొద్ది నిమిషాలే చాలాయట. బానెట్ తెరవలేదా అంటే నవ్వాడు.

“ఆ ఇంజిన్ డ్రాయింగులు నాకు కంఠస్థం. పైగా దాని నిశ్శబ్దం విన్నాను. ఇంకేం చూడాలి?”

ఫయాజ్ ఫోన్ తీశాడు. అల్ఫియా నంబరు మూగబోయింది. రాయబారి భద్రత కోసం జమ్మలమడుగు అంతటా జామర్లు పెట్టారు. డైరెక్టర్ విమానంలో ఉన్నాడు. ఒక ఏసీ మెకానిక్ చెప్పిన బాంబు సంగతిని కంట్రోల్ రూమ్ ఓపికగా విని, ఫిర్యాదును రాతపూర్వకంగా ఇమ్మని సలహా ఇచ్చింది.

గోదాము బయటి జీపు ఎవరిదో అడిగే తీరిక లేక ఎక్కాడు. ముద్దనూరు రైల్వే గేటు దగ్గర చిలమకూరు సిమెంటు లారీలు కదలని గోడలా నిలిచాయి. వాటి పక్కన కంపచెట్లలోకి జీపు దించి, ఒక సైడు అద్దం పోగొట్టుకుని, మళ్ళీ రోడ్డెక్కాడు. అల్ఫియా తల్లి సైదున్నీసా ఇంటి గుమ్మం కళ్ళముందు కదిలింది. ఆ తల్లికి చెప్పాల్సిన వాక్యం అతని నోట్లో అప్పుడే తయారవుతోంది. దాన్ని ఆపడానికి గట్టిగా హారన్ కొట్టాడు.

ఎదురుగా గొర్రెల మంద. కాపరి తిరుపాల్ తొందరపడలేదు.

“యాడికప్పా అంత బిరీన పోతాండావు?”

“ఒక మనిషి సచ్చిపోతాదన్నా.”

తిరుపాల్ ఈల వేశాడు. మంద రెండుగా చీలింది. “ఆ మాట ముందే చెప్పల్ల గదా,” అన్నాడు. “గొర్రెలకు హారన్ ఏం తెలుస్తాది?”

జమ్మలమడుగు దాటిన మలుపులో సావరిన్ కనిపించింది. బంతిపూలతో, నిమ్మకాయతో, ఏ మాత్రం చప్పుడు లేకుండా, జనం మధ్య నుంచి నిదానంగా వెళ్తోంది. వెనుక సీట్లో రాయబారి, పక్కన నల్ల కళ్ళద్దాలు. ముందు సీట్లో మున్వర్ తల పంకించాడు. వేళ్ళు కళ్ళకద్దుకున్నాడు.

ఫయాజ్ అరిచాడు. తప్పెట్ల మోతలో అతని గొంతు అతనికే వినబడలేదు. జీపు వదిలి పరుగెత్తాడు. కానిస్టేబుల్ పట్టిన చొక్కా కానిస్టేబుల్ చేతిలోనే ఉండిపోయింది. ఫుట్‌బోర్డు మీదికి దూకి, కిటికీ గుండా నడుము దాకా దూరి, డాష్‌బోర్డు కింద చేతికి దొరికిన తీగను బలమంతా పెట్టి లాగాడు. తీగ తెగింది. మీట కుడివైపుకు చేరి టక్కుమంది. ఏది ముందు, ఏది వెనుక అన్నది అతనికే తెలియలేదు.

ఏమీ జరగలేదు.

అల్ఫియా అద్దాలు పైకెత్తి, చొక్కా లేని ఏజెంటును చూసింది. చేతి నుంచి రక్తం కారుతోంది. ఏడుస్తున్నాడు.

“ఏంది ఫయాజ్ ఇది?”

“మీ అమ్మకు ఏం చెప్పల్లో తెలీక,” అన్నాడు.

ఆమె అతని తెగిన చేతికి తన ఓణీ కొంగు చుట్టి, ముడి గట్టిగా బిగించింది. తర్వాత విసుగ్గా పైకి చూసి, ఉక్కగా ఉందేమని అడిగింది.

సాయంత్రానికి మెరిడియన్ మనుషులు దొరికారు. మీట జరగక ముందే తీగ తెగిందని అధికారిక నివేదిక తేల్చింది. ఢిల్లీ ఫయాజ్‌కు పతకం సిఫారసు చేసింది. బాంబు స్క్వాడు మాత్రం పద్ధతి ప్రకారం బానెట్ తాళం పగలగొట్టింది. స్లీవ్ వాల్వుల చోట నాలుగు బ్యాటరీలు, ఒక ఈ-ఆటో మోటారు కూర్చుని ఉన్నాయి.

మున్వర్ తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. “ఇంజిన్ కరోనా అప్పుడే పట్టేసిందప్పా. పెండ్లిండ్లు పోతాయని ఎవురికీ చెప్పలే. ఇది ఏసినాక చప్పుడు ఇంగా తగ్గిందని జనం శానా మెచ్చుకునిరి.”

ప్రొఫెసర్ తన బాంబును కలిపిన పాత మాగ్నెటో తీగ చెక్కుచెదరకుండా బానెట్ లోపలికి పోయి, మాగ్నెటో ఉండాల్సిన చోట ఇన్సులేషన్ టేపు చుట్టుకుని, ఒంటరిగా వేలాడుతోంది. ఫయాజ్ తెంచింది వెనుక సీటు ఫ్యాను తీగ.