గ్రీజు పుస్తకంలో సోమవారం

మాస్టారిని ఫిట్టరే పొట్టన పెట్టుకున్నాడని పక్కింటావిడ కానిస్టేబుల్‌తో అన్నదట.

ఊరికే అనలేదట. బుధవారం సాయంత్రం ఆరింటికి ఆవిడ పిట్టగోడ మీద ఆరేసిన దుప్పటి తీస్తోందట. మాస్టారి గేటు దగ్గర ఇద్దరూ ఎగిరెగిరి అరుచుకుంటున్నారట. "శుక్రవారం దాకా ఆగు, నీ సంగతి చూపిస్తా" అని ఫిట్టరు వేలు ఆడించి మరీ వెళ్ళాడట.

"శుక్రవారం అన్నవాడు గురువారమే చూపించాడు" అని ముగించిందట ఆవిడ.

కానిస్టేబుల్ ఇదంతా ఊపిరి తిప్పుకోకుండా అప్పజెప్పాడు. ఇన్‌స్పెక్టర్ విన్నాడు. స్టేషన్‌లో ఆయన్ని చాటుగా 'నిదానం' అంటారు. టీ చల్లారాక తాగే మనిషి.

"ఒక్క దుప్పటి తియ్యడానికి ఆవిడకి ఎంతసేపు పట్టిందట?"

"అడగలేద్సార్."

"పోన్లే. పద."

మాస్టారు పనిచేసిన ల్యాబ్ మధ్యలో రెండంతస్తుల ఎత్తు ఇనుప చట్రం. అందులో మూడువందల కిలోల తొట్టి. దాన్ని పైకెత్తి వదలాలి. బ్రేకు పట్టిందా లేదా చూడాలి. అదే అక్కడి పని.

లిఫ్టులకు రెండు రకాల బ్రేకుల్లో ఏది నమ్మదగిందో తేల్చాలి. ఒకటి ఫిట్టరు తన చేత్తో చేసిన ఇనుప కొక్కెం. తొట్టి వేగం మించితే అది పళ్ళచక్రంలో పడి పట్టేస్తుంది. రెండోది కంప్యూటర్ బ్రేకు. సెన్సర్ చూస్తుంది, కంప్యూటర్ లెక్క కడుతుంది, బ్రేకు బిగుస్తుంది. ఒక్కోదానికి ఐదువందల పరీక్షలు. ఆ పోలికంతా నడిపించింది కొలతల మాస్టారు.

గురువారం ఉదయం 10.40కి ఆయన ఆ తొట్టి కింద దొరికాడు. కుడిచేతిలో సెన్సర్ తుడిచే గుడ్డ అలాగే ఉంది.

గోడమీద ఆయన చేతిరాతతో పట్టిక వేలాడుతోంది. ఇనుప కొక్కెం, 500 పరీక్షల్లో విఫలం 4. కంప్యూటర్ బ్రేకు, ఇప్పటికి 497. విఫలం సున్నా. ఆ సున్నా చుట్టూ ఎర్ర పెన్సిల్‌తో ఇంకో సున్నా.

ల్యాబ్ అధిపతిని అందరూ పెద్దసారు అంటారు. ఆయన మాట సూటిగా ఉంది.

"సెన్సర్ తుడవడానికి కింద దూరేముందు తొట్టికి ఊతకడ్డీ పెట్టాలి. అది రూలు. మాస్టారు మరిచిపోయాడు. నోటీసులో అదే రాశాం."

నోటీసు తలుపు పక్కనే ఉంది. 'స్వీయ అజాగ్రత్త వల్ల' అన్న మాటకు ఎదురుగా ఒక ఆడమనిషి నిలబడి ఉంది. మాస్టారి భార్య. ఏడుపు అయిపోయిన మొహం.

"మా ఆయన గ్యాస్ కట్టేసి మూడుసార్లు చూసుకునే మనిషండీ. వీధి చివరిదాకా వెళ్ళి, వెనక్కొచ్చి తాళం లాగి చూస్తాడు. ఆయనకా అజాగ్రత్త? ఈ ఒక్క మాట కొట్టించండి. ఇంకేం అడగను."

"చూద్దామమ్మా" అన్నాడు ఇన్‌స్పెక్టర్. మాట ఇవ్వడం ఆయనకు అలవాటు లేదు.

ఊతకడ్డీ గోడకు ఆనించి ఉంది. ఆయన దాన్ని ముట్టుకోలేదు. వంగి చూశాడు. కడ్డీ తల మీద వేలు దిగేంత దుమ్ము. కడ్డీకీ గోడకీ మధ్య సాలెగూడు. గూట్లో ఎండిపోయిన ఈగ.

"ఈ దుమ్ము ఎన్నాళ్ళది?"

"నెలల నాటిది సార్" అన్నాడు కానిస్టేబుల్.

"మరి గురువారం మరిచిపోవడం ఏమిటి?"

కానిస్టేబుల్ ఆ ప్రశ్న నోట్‌బుక్కులో రాసుకున్నాడు.

కంప్యూటర్ బ్రేకుకు ప్రోగ్రాం రాసిన అమ్మాయి కళ్ళు వాచి ఉన్నాయి.

"ఆ టైముకి ఎక్కడున్నావమ్మా?"

"క్యాంటీన్‌లో సార్. 10.25 నుంచి."

"ఎవరూ లేకపోతే మిషన్ ఎవరు నడుపుతారు?"

"దానంతటదే నడుస్తుంది సార్. ఎత్తుతుంది, వదులుతుంది, ఆపుతుంది, రాసుకుంటుంది. రోజుకు ఐదారుసార్లు."

"గురువారం ఏం రాసుకుంది?"

ఆమె స్క్రీన్ చూపించింది. 10.31కి తొట్టి పైన ఉంది, బ్రేకు బిగిసి ఉంది. తర్వాతి లైను 10.36ది. కంప్యూటర్ కొత్తగా మొదలైంది.

"మధ్యలో?"

"ఏమీ లేదు సార్."

"మనిషి మీద పడింది కదమ్మా?"

"అది... రాసుకోలేదు సార్."

"ఇలా కొత్తగా మొదలవడం ఇంతకుముందు ఎన్నిసార్లు జరిగింది?"

"తెలీదు సార్. ఆ లైను ఒక్కటే ఉంటుంది. కొత్తది వస్తే పాతది చెరిగిపోతుంది."

"రాసే పని కూడా దానికే అప్పజెప్పింది ఎవరు?"

"మాస్టారే. ఇనుప కొక్కేనికి ఫిట్టర్ గారు పక్కన నిలబడి చేత్తో రాశారు. దీనికి మనిషెందుకు, అదే రాసుకుంటుందిలే అన్నారు."

ఫిట్టరు పక్క షెడ్డులో లేత్ మిషన్ దగ్గర దొరికాడు. చేతులు నల్లగా ఉన్నాయి. ప్రశ్న పూర్తి కాకముందే జవాబు చెప్పాడు.

"గొడవపడ్డాను. ఒప్పుకుంటున్నా. గురువారం పొద్దుట ఇక్కడే ఉన్నా. ఇద్దరు చూశారు."

"ఏం చూపిస్తానన్నావు ఆయనకి?"

"కోపంలో నోరు జారింది సార్."

ఇన్‌స్పెక్టర్ అతన్ని ల్యాబ్‌లోకి తీసుకొచ్చి తలెత్తాడు. చట్రం పై దూలానికి అగ్గిపెట్టంత ఇనుప డబ్బా. లోపల స్కూటర్ మీటర్‌లో తిరిగేలాంటి అంకెలు.

"అదేమిటి?"

"కౌంటర్. తొట్టి కిందికి వచ్చినప్పుడల్లా ఒక అంకె తిరుగుతుంది. వందకోసారి గ్రీజు మార్చాలి, అందుకని పెట్టుకున్నా. నాకు తప్ప ఎవరికీ పట్టదు."

కానిస్టేబుల్ నిచ్చెన ఎక్కి అంకె చదివాడు. 1016.

"గ్రీజు మార్చినప్పుడు రాసుకుంటావా?"

ఫిట్టరు గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. ఒకసారి కాదు, మూడుసార్లు.

"పుస్తకం ఉంది."

"ఇవ్వు."

బ్రేకుల పోలిక చదవాల్సిన శుక్రవారం మీటింగు ఒక వారం వాయిదా పడింది. ఆ మరుసటి శుక్రవారం, ఉదయం 11 గంటలకు, ఆ మీటింగు హాలులోనే అందర్నీ కూర్చోబెట్టాడు ఇన్‌స్పెక్టర్. మాస్టారి భార్య చివరి కుర్చీలో, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఇనుప కొక్కేనికి 500. కంప్యూటర్ బ్రేకుకి 497. మొత్తం 997. పైనున్న కౌంటర్ 1016 అంటోంది. పందొమ్మిది తేడా."

"పాత కౌంటర్ అది. జారి ఉంటుంది" అన్నాడు పెద్దసారు.

"కొక్కెం పరీక్షలు ముగిసిన రోజు అది సరిగ్గా 500 చూపించింది. గ్రీజు పుస్తకంలో ఉంది. అప్పుడు జారనిది ఇప్పుడెందుకు జారింది?"

పెద్దసారు కళ్ళజోడు తీశాడు.

"కంప్యూటర్ ఉన్నట్టుండి బిగుసుకుపోతుంది. బ్రేకు వదులైపోతుంది. తొట్టి వెళ్ళి అడుగు స్ప్రింగుల మీద పడుతుంది. కాసేపటికి కంప్యూటర్ తేరుకుని, తాను చివర రాసుకున్న అంకె నుంచి పని మొదలెడుతుంది. నడుమ పడ్డ సంగతి దానికే తెలియదు. మూర్ఛ వచ్చేవాణ్ణి పట్టుకుని ఎన్నిసార్లు పడ్డావురా అని అడిగారు. వాడు గుర్తులేదన్నాడు. మీరు సున్నా వేసుకున్నారు."

ఇన్‌స్పెక్టర్ పెద్దసారు వైపు తిరిగాడు.

"పద్దెనిమిదిసార్లు స్ప్రింగుల మీద పడింది. పందొమ్మిదోసారి ఆయన మీద."

చివరి కుర్చీ కదిలింది.

"అయితే ఆయన తప్పేం లేదుగా?"

ఇన్‌స్పెక్టర్ మెల్లగా ఆమె కుర్చీ దాకా నడిచాడు. ఈసారి నిదానం అలవాటు వల్ల కాదు.

"ఆయన మరిచిపోలేదమ్మా. కొక్కెం రోజుల్లో ప్రతిసారీ కడ్డీ పెట్టాడు. అది నాలుగుసార్లు జారింది కాబట్టి. కంప్యూటర్ బ్రేకు వచ్చాక మానేశాడు. ఒక్కసారీ జారలేదని పట్టిక చెప్పింది. ఆ పట్టిక ఆయనదే. రాసే పని దానికే ఇమ్మన్న కాగితం మీద సంతకమూ ఆయనదే."

ఆమె సంచి జిప్పు తీసింది. మళ్ళీ వేసింది.

"ఆ మాట కొట్టేస్తారా?" అని పెద్దసారుని అడిగింది.

"ఫారంలో రెండే గళ్ళున్నాయమ్మా. యంత్రలోపం ఒకటి, అజాగ్రత్త ఒకటి. లోపం ఉన్నట్టు యంత్రం రాసుకోలేదు. పై కమిటీకి రాస్తాం."

"ఆ బ్రేకుల సంగతేమిటి?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"పట్టిక సగంలో ఉండగానే లిఫ్టులవాళ్ళు పట్టుకెళ్ళారు. బిగించడం మొదలైపోయింది. ఆపమని ఉత్తరం రాశాం. జవాబు లేదు."

ఇన్‌స్పెక్టర్ మసిబారిన పుస్తకం బల్ల మీద పెట్టాడు. ఒక పేజీ తెరిచి ఫిట్టరు వైపు తిప్పాడు.

"మాస్టారు చనిపోయిన వారం, సోమవారం. 'వెయ్యి. గ్రీజు మార్చాను.' కింద నీ సంతకం. ఆ రోజు కంప్యూటర్ బ్రేకు లెక్క 484. కొక్కెం ఐదువందలతో కలిపితే 984. నీ గ్రీజు డబ్బా ఉండేది స్క్రీన్ పక్కనే. పదహారు తేడా నీ కంటబడిందా, లేదా?"

ఫిట్టరు పేజీలో తన సంతకం చూసుకున్నాడు.

"పడింది" అన్నాడు ఫిట్టరు.

"ఎవరికి చెప్పావు?"

"ఎవరికీ చెప్పలేదు."

"ఎందుకని?"

"మూడు నెలలు నన్ను కాల్చుకుతిన్నాడు సార్. నీ కొక్కేనికి నాలుగు, నా దానికి గుండుసున్నా అని. టీ తాగిన ప్రతిసారీ అదే మాట. ముప్పై ఏళ్ళ నా పనిని..." చేతులు ముందుకు చాచాడు. "నన్ను అరెస్టు చేస్తారా?"

"నోరు మూసుకున్నందుకు సెక్షన్ లేదు. రెండు రోజులు వెతికాను."

ఆ మాట తీర్పు కన్నా బరువుగా పడింది. ఫిట్టరు లేచాడు. మాస్టారి ఇంట్లో ఎన్నో పూటలు తిన్న మనిషి. చివరి కుర్చీ దాకా వెళ్ళలేక మధ్యలోనే ఆగిపోయాడు.

"వదినా, అన్న చావాలని కాదు. కింద దూరితే కడ్డీ పెట్టుకుంటాడనే అనుకున్నా. శుక్రవారం మీటింగులో, పదిమంది ముందు, ఆ తేడా పదహారో పద్దెనిమిదో ఎంతో చెప్పి ఒక్కసారి ఆయన తలదించుకుంటే చూద్దామనుకున్నా. అంతే వదినా."

ఆమె తల ఎత్తి చూసింది.

"ఇవాళ శుక్రవారమే. పదిమందీ ఉన్నారు. చెప్పు."