పదో రోజు రాని కోట

ముత్తేలపట్నం రేవులో ఆ ఏడు దిగిన సరుకులన్నిటిలోకీ ఎక్కువ నష్టం చేసింది ఒక చిన్న పెట్టె. నల్లటి లక్క పూసి, మూత మీద అద్దం బిగించిన ఆ పెట్టెను జపాను దీవుల నుంచి వచ్చిన ఓడ సరంగు రాజుగారికి కానుకగా ఇచ్చాడు. అది వాళ్ల దేశపు ఆట. అద్దం మీద రెండు అరచేతులూ ఆనించి కళ్లు మూసుకుంటే మనిషి పెట్టెలోని దీవికి వెళ్లిపోతాడు. అక్కడ అతను కత్తి పట్టిన వీరుడు. అడవులు దాటి, జంతువులతో తలపడి, స్నేహితులను కూడగట్టుకుని, చివరి కోటలో సింహాసనం మీద కూర్చున్న రక్కసుణ్ణి ఓడిస్తే ఆట ముగుస్తుంది. మధ్యలో ఇంటికి రావాలనిపిస్తే చేతులు జోడిస్తే చాలు. లోపల నెల గడిచినా బయట గడియ కూడా కాదు.

మంచి సరుకు చెడ్డచేతిలో పడితే ఏమవుతుందో ఆ రాజ్యానికి త్వరలోనే తెలిసింది. ఆస్థాన మాంత్రికుడు కంకాళుడికి రాజ్యం మీద కన్నుంది. ముందుగా అతను ఉప్పు వర్తకుడు మైలన్నను పిలిచి, "నాయనా, దారి ఎట్లా ఉందో చూసి రా," అని తీపిగా చెప్పి పెట్టెలోకి పంపాడు. మైలన్న దారంతా చూసి వచ్చి, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. మరునాడు కంకాళుడు తానే వెళ్లి, మంత్రబలంతో అక్కడి రక్కసుణ్ణి వెళ్లగొట్టి, ఆ సింహాసనం మీద కూర్చున్నాడు. తిరిగి వచ్చే దారికి తాళం వేశాడు. ఆ తర్వాత ఆటకు వెళ్లినవారెవరూ వెనక్కి రాలేదు. రాకుమారుడు, అతనికి దారి చూపడానికి మళ్లీ వెళ్లిన మైలన్న, వారితో కలిపి నలభై మంది.

నాలుగో నాడు అద్దంలో కంకాళుడి ముఖం కనిపించింది.

"రాజా, ఈ దీవిలో పదో రోజు పొద్దు పొడిచేలోగా రాజ్యం నాకు ధారపొయ్యి. లేదంటే నలభై మందినీ నూరి పొడి చేస్తాను."

అతని కాళ్ల కింద పీట లేదు. మైలన్న మోకాళ్ల మీద వంగి ఉన్నాడు. కంకాళుడి రెండు పాదాలూ అతని వీపు మీద ఉన్నాయి.

జనంలో మైలన్న చెల్లెలు రుయ్యమ్మ ఉంది. పదహారేళ్ల పిల్ల. తల్లీతండ్రీ ఓడతో పాటు మునిగిపోతే, మూడేళ్ల వయసు నుంచి ఆమెను పెంచింది ఆ అన్నే. ఆ వీపు మీద ఎక్కి ఆమె ఊరంతా చూసింది. ఇప్పుడు ఆ వీపు మీద మరొకడి పాదాలు చూసి ఆమె ఏడవలేదు.

"నేను వెళ్తాను," అంది.

"ఏం కోరుకుంటావమ్మా?" అన్నాడు రాజు.

"తిరిగొచ్చాక అడుగుతానండీ. ముందు వాడి పని చూడాలి."

ఆమె అద్దం మీద చేతులు పెట్టింది.

కళ్లు తెరిచేసరికి ఒక పల్లె. పల్లె మొదట్లో తలపాగా కట్టుకున్న మనిషి నిలబడి ఉన్నాడు.

"ఉత్తరాన కోట ఉంది. పదో రోజు దగ్గరపడింది," అన్నాడతను.

"కాస్త మంచినీళ్లు ఇస్తావా మావా?"

"ఉత్తరాన కోట ఉంది. పదో రోజు దగ్గరపడింది."

"నీ పేరేంటి?"

"ఉత్తరాన కోట ఉంది."

"నీ తలపాగాకు నిప్పంటుకుంది మావా."

"పదో రోజు దగ్గరపడింది," అని అతను నవ్వాడు.

రుయ్యమ్మ అతని ఇంట్లోకి వెళ్లి కుండలో ఉన్న మందుమూలికలు తీసుకుంది. ఇంటివాడు అడ్డుచెప్పలేదు. వర్తకుల ఇంటి పిల్ల కాబట్టి వెల ఇవ్వకుండా తీసుకోవడం ఆమెకు బొత్తిగా నచ్చలేదు. అయినా తీసుకుంది.

పల్లె దాటగానే అడవి. పది అడుగులు వేసిందో లేదో ఒక నీలం జిగురుముద్ద ఎగిరి ఎదురుగా పడింది. రుయ్యమ్మ కత్తితో ఒక దెబ్బ వేసింది. రెండో దెబ్బకు చెయ్యెత్తబోతే చెయ్యి లేవలేదు. జిగురుముద్ద తీరిగ్గా వచ్చి ఆమె మోకాలిని గుద్ది వెనక్కి వెళ్లి నిలబడింది. అప్పుడు చెయ్యి లేచింది. ఆ దీవిలో పోరాటం వంతులవారీగా సాగుతుంది. ఒకరు కొట్టేదాకా రెండోవారు ఆగాలి. రాజుకైనా, రక్కసుడికైనా, జిగురుముద్దకైనా అదే చట్టం.

దాన్ని చంపి పది అడుగులు వేస్తే మరొకటి. ఇంకో పది అడుగులకు ఇంకొకటి. "వీటితో కూర్చుంటే నా అన్న పొడి అయిపోతాడు," అనుకుని రుయ్యమ్మ దారి వదిలి, పొదల్లోంచి ఉత్తరానికి పరుగెత్తింది. వంతెన దగ్గర కొమ్ముల పాము పడగెత్తింది. ఆమె కొట్టిన దెబ్బ దాని పొలుసుకు గీత కూడా పెట్టలేదు. దాని వంతు వచ్చింది. ఒక్క దెబ్బకు ఆమె కళ్లు మూతపడ్డాయి.

మళ్లీ తెరిచేసరికి నీలంగా వెలిగే ఒక రాయి పక్కన పడుకుని ఉంది. రాయి మీద ఒక ముసలవ్వ కూర్చుని తమలపాకుకు సున్నం రాస్తోంది.

"లేచావా? ఎన్నో వంతుకి పడ్డావే?"

"రెండో వంతుకి అవ్వా."

"నయమే. మొన్న ఒకడు కత్తి దూయకముందే పడ్డాడు. ఇది విశ్రాంతి రాయి. ఎక్కడ చచ్చినా దీని దగ్గరే లేస్తావు. కానీ దీన్ని ముట్టుకోకుండా చస్తే సంపాదించిందంతా పోతుంది."

"ఆ పామును ఎట్లా చంపాలి?"

"జిగురుముద్దల్ని కొట్టు. కొట్టిన కొద్దీ బలం పెరుగుద్ది."

"ఎన్నిటిని?"

"నూట ఇరవై."

"ఇది ఆటా అవ్వా, వడ్లు దంచడమా?"

"దంచితేనే కదే బియ్యం. విసుగు పుట్టే మాట నిజమే. కానీ ఒకటి చెప్తా విను. ఇక్కడ తాత పేరు చెప్పుకుని గెలిచినోడు లేడు, అదృష్టం కొద్దీ గెలిచినోడూ లేడు. నువ్వు పడ్డ కష్టం గింజ కూడా పోదు. బయట మీ ఊళ్లో అట్లా ఉందా?"

రుయ్యమ్మ అది ఎన్నో రోజో అవ్వనడిగి, తొమ్మిదో రోజని విని, రాయిని ముట్టుకుని అడవిలోకి వెళ్లింది. కోపం మంచి పెట్టుబడే, కానీ ఒక్క దెబ్బకే మొత్తం పెట్టేసినవాడు రెండో దెబ్బకు ఖాళీ చేతులతో నిలబడతాడు. ఆమె ఆ కోపాన్ని నూట ఇరవై భాగాలు చేసింది. ప్రతి జిగురుముద్దలోనూ కంకాళుడి ముఖాన్ని చూసి కొట్టింది.

తొంభయ్యో ముద్ద దగ్గర ఆమెకు ఉచ్చులో చిక్కిన పునుగుపిల్లి దొరికింది. ఉచ్చు విప్పితే అది పారిపోకుండా ఆమె ఎదురుగా కూర్చుంది.

"నా పేరు జవ్వాది. నేను పాడితే గాయాలు మానతాయి. నీతో వస్తా. కానీ ముందు నా కథ వినాలి."

"నడుస్తూ చెప్పకూడదా?"

"కుదరదు. కూర్చుని వినాలి. నా కథకు మూడు రోజులు పడుతుంది."

రుయ్యమ్మ పళ్లు నూరుతూ కూర్చుంది. మొదటి రోజంతా జవ్వాది తన ముత్తాత మీసాల గురించే చెప్పింది. రెండో రోజు తన ఏడుగురు తోబుట్టువుల పేర్లూ, ఎవరు ఏ పాట పాడేవారో చెప్పింది. మూడో రోజు, వాళ్లను కంకాళుడు తన సింహాసనానికి మెత్త కోసం ఎట్లా పట్టుకుపోయాడో చెప్పింది. అప్పుడు రుయ్యమ్మకు తెలియకుండానే కన్నీళ్లు కారాయి. పెట్టెలో ఉన్న పిల్లి కోసం పెట్టె బయటి మనిషి ఏడవడం ఏ తక్కెడలోనూ తూగే విషయం కాదు. జపాను పనివాళ్ల అసలు నేర్పు అక్కడే ఉంది. మొదటి రెండు రోజులూ వినకపోతే మూడో రోజు ఆ ఏడుపు రాదు.

"ఇప్పుడు వాడు మనిద్దరికీ బాకీ," అంది రుయ్యమ్మ.

ఈసారి కొమ్ముల పాము పంతొమ్మిదో వంతుకు కూలింది. పాము తర్వాత ఇనుప తలుపులను కాపలా కాసే ఒంటికన్ను భూతం వచ్చింది. దానితో పోరులో రుయ్యమ్మ మూడు సార్లు ఓడి నాలుగోసారి గెలిచింది. ఆపైన నిప్పుల వాగు. జవ్వాది పాడుతుంటే కాలిన పాదాలు మానుతూ, మళ్లీ కాలుతూ, అట్లాగే దాటారు.

చివరికి కోట కనిపించింది. ముందు ఒక చెరువు. తలుపు దగ్గర మరో విశ్రాంతి రాయి, దాని మీద అదే ముసలవ్వ.

రుయ్యమ్మ తలుపు సందులోంచి చూసింది. కంకాళుడు సింహాసనం మీద ఉన్నాడు. మైలన్న అతని పాదాల కింద ఉన్నాడు. మిగతావాళ్లు గోడ వెంట బొమ్మల్లా నిలబడి ఉన్నారు. ఆమె చెయ్యి తలుపు మీదికి వెళ్లింది. మళ్లీ ఆగింది.

"అవ్వా, ఇవాళ ఎన్నో రోజు?"

"తొమ్మిదో రోజు."

"మొదటి రాయి దగ్గర అడిగినప్పుడూ తొమ్మిదే అన్నావు. నెల దాటింది."

"నువ్వు ఆ గడప దాటేదాకా తొమ్మిదేనే. ఆట కట్టినోళ్లు అట్లా కట్టారు. రేపే లోకం మునిగిపోద్దంటారు, మునగదు. నువ్వు చేపలు పట్టుకుంటా కూర్చున్నా నీ కోసం ఆగుద్ది. చాలామంది ఇదే ఈ ఆటలో పెద్ద తప్పని ఎగతాళి చేస్తారు."

"నా అన్నకు నొప్పి తెలుస్తోందా?"

"మంత్రంలో ఉన్నోళ్లకు తెలివుండదు. లేచాక తెలుసుద్ది. ఇప్పుడు మెలకువగా ఉన్నది వాడొక్కడే."

"వాడు లేచి బయటికి రావచ్చా?"

"కడపటి రక్కసుడు వీరుడొచ్చేదాకా కూర్చునే ఉండాలి. తానై లేస్తే సింహాసనం ఖాళీ. వాడేసిన తాళం ఊడిపోద్ది. కుర్చీ ఎంత పెద్దదో చూసుకున్నాడు గానీ, అందులో ఎంతసేపు కూర్చోవాలో ఆలోచించలేదు వెధవ."

రుయ్యమ్మ లెక్క వేసుకుంది. అవ్వ చెప్పింది తప్పయితే తెల్లవారేసరికి అన్న ఉండడు. కానీ నెల రోజులుగా తొమ్మిదో రోజు జరుగుతూనే ఉంది. అది ఆమె కళ్లతో చూసింది. చివరికి ఆమె తలుపును బార్లా తెరిచింది. గడప దాటలేదు.

కంకాళుడు గొంతు సవరించుకుని చెయ్యెత్తాడు.

"ఓసి అల్పమానవీ, నేనెవరో వినుము. యుగయుగాల చీకటిలో..."

"తర్వాత వింటానండీ," అని రుయ్యమ్మ వెళ్లి చెరువులో గాలం వేసింది.

మరునాడూ తలుపు తెరిచింది.

"ఓసి అల్పమానవీ..."

"చేప తగిలిందండీ. ఇప్పుడే వస్తా."

ఇట్లా నూరు రోజులు గడిచాయి. చేపలను గడప దగ్గరే కాల్చింది. ఆ కమ్మటి వాసన లోపలికి పోయింది. కప్పలకు పందేలు పెట్టింది. జవ్వాదికి ఇది బొత్తిగా అర్థం కాలేదు.

"మీ అన్న వాడి కాళ్ల కింద ఉంటే నీకు చేపలెట్లా గొంతు దిగుతున్నాయి?"

"దిగడం లేదు," అంది రుయ్యమ్మ. "కత్తితో పొడిస్తే వాడికి ఒక్కసారే నొప్పి. నాకది చాలదు."

రెండు వందల రోజులకు కంకాళుడి ఉపన్యాసం నాలుగు మాటలకు తగ్గింది. మూడు వందల రోజులకు బతిమాలుకోవడానికి వచ్చింది.

"రావే తల్లీ. వచ్చి పోట్లాడు. గెలిస్తే గెలువు."

"కూర కలుపుతున్నానండీ. కూర్చోండి. మీకు కూర్చోవడం ఇష్టం కదా."

మూడు వందల నలభయ్యో నాడు ఆమె తలుపు తెరిచి, ఆవులించి, మళ్లీ మూయబోయింది. కంకాళుడు ఒక్క అరుపు అరిచి సింహాసనం మీంచి దూకాడు. మైలన్న వీపు మీంచి అతని పాదాలు లేచిన క్షణానే గోడ వెంట ముప్ఫై తొమ్మిది మంది కళ్లు తెరిచారు. కంకాళుడు గడప దాటి వచ్చి, రెండు చేతులతో నల్లటి మంట ఎత్తి రుయ్యమ్మ మీద వేశాడు. ఆమె మోకాళ్ల మీద కూలింది. జవ్వాది పాడింది. ఆమె లేచి నిలబడింది.

ఇప్పుడు ఆమె వంతు.

కంకాళుడు చేతులు పైకెత్తి రెండో మంటకు సిద్ధంగా నిలబడ్డాడు. ఆ చేతులు దిగవు. ఆమె కొట్టేదాకా అతను వేలు కూడా కదపలేడు, మాట్లాడడం ఒక్కటే చెయ్యగలడు.

"కొట్టు," అన్నాడు.

రుయ్యమ్మ కత్తిని ఒరలో పెట్టింది. సింహాసనం ఖాళీ, ఇక పదో రోజు వచ్చినా పొడి చేసేవాడు కదల్లేడు. అతని పక్కనుంచే గడప దాటి లోపలికి నడిచి అన్నను లేవదీసింది. మైలన్న నడుము నిలబడలేదు. "ఎవరమ్మా నువ్వు?" అన్నాడతను ముందు. తర్వాత, "ఇంత పెద్దదానివయ్యావేంటే?" అన్నాడు.

"ఏయ్, నీ వంతు. కొట్టు," అన్నాడు కంకాళుడు బయటి నుంచి.

"అవునండీ, నా వంతే. ఆలోచించుకుంటున్నా."

"ఎంతసేపు?"

ముసలవ్వ రాయి మీద కూర్చుని పడీపడీ నవ్వింది. "ఈ ఆటలో ఆలోచించుకోవడానికి గడువు లేదయ్యా. ఎవరూ తొందరపెట్టరు. అది దీని గొప్పతనం."

మైలన్న తప్ప మిగతా ముప్ఫై తొమ్మిది మందీ ఒక్కొక్కరే చేతులు జోడించి మాయమయ్యారు. రుయ్యమ్మ చివరిదాకా ఆగి జవ్వాదిని ఒళ్లోకి తీసుకుంది. "మా వాళ్ల పేర్లు మరిచిపోకు," అంది అది. ఆమె ఏడు పేర్లూ, వాటి పాటలతో సహా అప్పజెప్పింది. తర్వాత అన్న చెయ్యి తన చేతిలో ఉండగానే చేతులు జోడించింది.

బయట ఇంకా పూట కూడా మారలేదు. రాజు కొడుకును కౌగిలించుకుని, అర్ధరాజ్యం ఇస్తానన్నాడు. రుయ్యమ్మ వద్దంది. ముత్తేలపట్నం రేవును తనకు ఇమ్మంది, దాంతోపాటు ఆ పెట్టెను కూడా. ఓడ సరంగు తల వంచుకుని, "సముద్రంలో పారేస్తానమ్మా," అన్నాడు.

"ఎందుకు? పెట్టె చేసిన తప్పేముంది? పది అడుగులకొక ముద్ద అడ్డం రావడం విసుగే, పల్లె జనం మాటలు ఇంకా విసుగు. అయినా అంత న్యాయమైన చోటు నేను ఇంకెక్కడా చూడలేదు. ఇది నా దగ్గరే ఉంటుంది," అందామె.

ఆమె ఏలుబడిలో రేవు మూడింతలైంది. తూకం తప్పినవాడికి ఆ గట్టు మీద చోటుండేది కాదు. మైలన్న ఉప్పు కొట్టు మళ్లీ తెరిచాడు కానీ నిటారుగా నిలబడలేకపోయాడు. ముసురు పట్టిన రోజుల్లో వీపు మీద రెండు పాదాల మేర నీలంగా కమిలేది.

అట్లాంటి ఒక వాన రోజున అతను చెల్లెలి కచేరీకి వచ్చాడు. పెట్టె ఆమె పక్కనే ఉంది. అద్దంలో చెరువు గట్టు మీద చేతులెత్తుకుని నిలబడ్డ మనిషి కనిపిస్తున్నాడు.

"పదేళ్లయిందే. ఇంకా ఎంతకాలం ఆలోచిస్తావు?" అన్నాడు మైలన్న.

రుయ్యమ్మ వేడి నూనె గిన్నె అందుకుని అన్న వీపుకు రాయడం మొదలుపెట్టింది.

"నొప్పి తగ్గిందా అన్నా?"

"ఎక్కడ తగ్గుద్దే?"

"అయితే ఇంకా ఆలోచిస్తున్నా," అంది రుయ్యమ్మ.