కట్టు మారిన చెయ్యి

గూఢచారి కథ జీపులా పరిగెత్తాలంటారు. నా పెన్ను ఎద్దులబండిలా నడుస్తుంది. అక్షరాలు దిద్దుకున్నది తల నెరిసినాక. ఒత్తులు తప్పినచోట మీరే సర్దుకుని చదవండి.

2004, ఎండాకాలం. ఒకరోజు తెల్లవారుజాము. తిరుపతిలో ఒక మేడ మీది గది. బయట ‘కుట్టు శిక్షణ’ అని బోర్డు. లోపల ఇంటెలిజెన్స్ ఆఫీసు.

డీఎస్పీ ప్రసన్నకుమారి నేరుగా విషయానికి వచ్చింది.

“రాకెట్ ఇంజిన్ డ్రాయింగులు పోయినాయి. గోరంత చిప్‌లో ఉండాయి. విదేశీ ముఠా ఈ సాయంత్రం రేణిగుంట ఫ్లైటులో దాటించబోతుంది. మోసేది గుండు మనిషి. చేతిలో పసుపు సంచి. పుత్తూరులో దిగుతాడు. ఇన్‌ఫార్మర్ జెస్సీ చెప్పింది.”

తర్వాత గదిలో ఉన్న ఒక్కొక్కరికీ అరచేతిలో పట్టే కంప్యూటరు ఇచ్చింది. చిన్న పుల్లతో తెర మీద రాయాలి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసినా చాలు. ఫోన్‌కు తగిలిస్తే ఒకరు రాసింది అందరికీ కనబడుతుంది.

“నాకెందుకు మేడం? నాకు ఇదుండాది” అని ఏజెంట్ రాజారత్నం ఎడమ అరచెయ్యి చూపించాడు. బండి నంబరైనా, మనిషి పేరైనా బాల్‌పెన్నుతో అక్కడే రాసుకోవడం అతని అలవాటు.

“నిరుడు తడలో లారీ నంబరు రాసుకున్న చెయ్యేనా అది?” అంది ప్రసన్నకుమారి. “పెరుగన్నం తిని కడిగేసుకున్నావే?”

గదంతా నవ్వింది. తడ చెక్‌పోస్టు కానిస్టేబుల్ మునిరామయ్య అందరికంటే గట్టిగా నవ్వాడు. రాజారత్నం చెవులు కాలిపోయాయి. తల వంచుకుని యంత్రం అందుకున్నాడు.

మధ్యాహ్నం పుత్తూరు. ఎముకల కట్టు కట్టేచోట జనం కిక్కిరిసి ఉన్నారు. గళ్ల లుంగీ, తలపాగాతో రాజారత్నం జామకాయలు అమ్ముతున్నాడు. యంత్రం గంపలో కాయల కింద ఉంది.

నల్లకళ్లద్దాలు, ఆకుపచ్చ సిల్కు చీరతో జెస్సీ గంప దగ్గరికి వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్లు నొప్పులు మరిచి చూశారు. ఎడమ చేతికి కొత్త కట్టు, బిగియడానికి పూసిన గుడ్డుసొన ఇంకా తడి ఆరలేదు.

“కాయలు తియ్యగా ఉంటాయా?” అంది జెస్సీ. అది కోడ్.

“ఉప్పూ కారం వేస్తే ఏదైనా తియ్యనే.” అది జవాబు.

“ముఠావాళ్లు నన్ను అనుమానిస్తా ఉండారు సార్. కట్టు ఉత్త వేషమే” అని గొంతు తగ్గించింది. “గుండోడు ఇప్పుడే ఆటోలో కార్వేటినగరం రోడ్డు పట్టినాడు. నేను పోయి రేణిగుంటలో వాళ్ల మనిషిని కనిపెడతా. మీ జీపు ఇస్తారా?”

ఆమె నవ్వింది. రాజారత్నం ఆమె చెప్పిన ఆటో నంబరు అరచేతిలో రాసుకున్నాడు. ఆమె కుడిచేత్తో అందించిన సంచి తనే మోసి, డిపార్ట్‌మెంట్ జీపు ఎక్కించాడు. “మేడంను జాగ్రత్తగా తీసుకుపోప్పా” అని డ్రైవరుకు చెప్పాడు కూడా.

తను వేరే ఆటో ఎక్కి అరచెయ్యి చూసుకున్నాడు. చెమటకూ, కారానికీ నంబరు నీలిమరకైపోయింది.

కార్వేటినగరం దగ్గర కనబడిన గుండు మనిషి మీదికి దూకాడు. పసుపు సంచి చిరిగి లడ్డూలు రోడ్డున దొర్లాయి.

“కావాలంటే అడిగితే ఇస్తాను గదప్పా! దానికి పీక పట్టుకుంటావా?” అన్నాడు ఆ యాత్రికుడు.

వెనక ఇంకో ఆటో వచ్చింది. అందులో కుటుంబం కుటుంబమంతా గుండ్లే, పసుపు సంచులే. కొండ నుంచి దిగేవాళ్లలో గుండు మనిషిని వెతకడమా? పుట్టి పెరిగింది తిరుపతిలోనే, అయినా తట్టలేదు. సిగ్గుతో లడ్డూలు ఏరి ఇచ్చాడు.

గంపలో యంత్రం కీచుమంది. మునిరామయ్య పొద్దున తడకు తిరిగిపోయి రాసిన నోటు సిగ్నల్ అంది అప్పుడు చేరింది: ‘జెస్సీ బస్సులో పోయింది. కుడి చేతికి కట్టు.’

తడలో కుడి, పుత్తూరులో ఎడమ. కుడిచేత్తోనే కదా సంచి ఇచ్చింది! ఉత్త వేషానికి కట్టు చెయ్యి మార్చడమెందుకు? గుండోడు లేడు. చిప్ ఆ కట్టులోనే ఉంది.

మేడంకు ఫోన్ చేశాడు. ఎంగేజ్. ఫ్లైటుకు అట్టే టైం లేదు. జీపు డ్రైవరుకు ఫోనే లేదు.

పుల్ల పట్టుకున్నాడు. ‘జెస్సీ డబుల్ ఏజెంట్. ఎడమ చేతి కట్టులో చిప్. టాక్సీలో వస్తోంది.’

పంపబోయి ఆగాడు. టాక్సీ అంటే అందరూ టాక్సీలే వెతుకుతారు. డిపార్ట్‌మెంట్ జీపును ఎవరూ ఆపరు, సెల్యూట్ కొట్టి వదులుతారు. నిజం రాస్తే? ఆఫీసంతా చదువుతుంది. మునిరామయ్య పగలబడి నవ్వడం ఇక్కడికే వినిపించింది.

‘టాక్సీ’ చెరిపేశాడు. మళ్లీ రాశాడు: ‘మన జీపులో వస్తోంది. ఎక్కించింది నేనే. సంచి కూడా నేనే మోసినాను.’

పంపేశాడు.

రేణిగుంట విమానాశ్రయం గేటు. తెలిసిన జీపు కనబడగానే కానిస్టేబుల్ చెంగల్రాయుడు గేటెత్తి సెల్యూట్‌కు చెయ్యి లేపాడు. జేబులో యంత్రం కీచుమంది. తీసి చదివాడు. లేపిన చెయ్యి అలాగే చాచి జీపును ఆపేశాడు.

“దిగమ్మా. కట్టు చూడాల.”

“విరిగిన చెయ్యయ్యా!”

“ఏది? పొద్దుటిదా, మధ్యాహ్నానిదా?”

కత్తెర ఆడింది. గుడ్డుసొనతో బిగిసిన గుడ్డ మడతల్లో చిప్ మెరిసింది. లోపల ప్రయాణికులను పిలుస్తున్నారు. విమానాశ్రయంలో సంతకానికి కుడిచెయ్యి కావాలని కట్టు మార్చుకున్నానని జెస్సీ తర్వాత ఒప్పుకుంది.

మర్నాడు రాజారత్నం ప్రసన్నకుమారి ముందు నిలబడ్డాడు. కళ్లెత్తలేదు.

“కేసు అయిపోయింది గదా మేడం. ఆ నోటు తీసేయొచ్చా?”

“తీసేయడమా? కొత్తవాళ్ల ట్రైనింగులో మొదటి పాఠం అదే.”

“సంచి మోసిన ముక్క ఒక్కటైనా…”

“కడుక్కుంటే పోయేదానికి ఇది నీ అరచెయ్యి కాదు రాజారత్నం.”

బయట మునిరామయ్య నవ్వకుండా నిలబడి ఉన్నాడు. అతని చేతిలో సంచి. “కొంచెం బరువుగా ఉండాదన్నా” అన్నాడు వినయంగా. “మోస్తావా?”

— ఆనందమ్మ, అరవై ఎనిమిదేళ్లు. ఇప్పుడుండేది చిత్తూరు, గిరింపేట.