కోక్‌బెల్ కనుమ కింద నూనె వాసన

కోక్‌బెల్ కనుమ ఎక్కబోయే ముందు, రోడ్డుకి ఎడంపక్కన తలుపు ఊడిన టీకొట్టు ఒకటుంది. చీకటి పడ్డాక అక్కడ బండి ఆపమని కన్నతల్లి అడిగినా సరే, మా నరిన్ ఊరి డ్రైవర్లు ఆపరు.

ఆ కొట్టు బురుల్‌ది. ఆవిడ బతికున్న రోజుల్లో బోర్సోకుల కోసం లారీలు బారులు తీరేవి. బోర్సోకులంటే ఏం లేదు, నూనెలో పొంగించిన పిండిముక్కలే... కానీ మా ఇళ్ళల్లో అవి లేని పండగా లేదు, చావూ లేదు. ఆవిడ పోయాక పొయ్యి ఆరింది. తలుపుకి తాళం పడింది. తాళాన్ని ఎవడో ఎత్తుకుపోయాడు, తలుపుని గాలి ఎత్తుకుపోయింది.

అయినా వాసన మాత్రం వస్తూనే ఉందట! కారు సరిగ్గా కొట్టు ముందుకి రాగానే... అద్దాలన్నీ బిగించి ఉన్నా సరే... కాగిన నూనె వాసన.

"పొయ్యి లేదు, మనిషి లేదు... మరి వాసనెక్కడిది?" అని బస్టాండులో జనం చెవులు కొరుక్కునేవారు.

నేను మెకానిక్‌ని. దెయ్యాలంటే భయం లేదని కోతలు కొయ్యను గానీ, బానెట్ ఎత్తి చూడందే ఏదీ తొందరగా నమ్మను.

ఒక మంచు పొద్దున బురుల్ భర్త ఇమాన్‌కుల్ నా షెడ్డుకొచ్చాడు. పాత రష్యన్ కారులో కనుమకి అటూ ఇటూ మనుషుల్ని చేరవేసి బతుకుతాడు. పిల్లల్లేరు. ఇంటికెళ్తే ఆయనా, గోడ గడియారమూ, అంతే.

"హీటర్ కారుతోంది మేస్త్రీ. ముందు సీటులో కాళ్ళు తడిసిపోతున్నాయి. అద్దం నిండా ఆవిరి."

"లోపలి రేడియేటర్ పోయుంటుందన్నా. డాష్‌బోర్డు విప్పి హీటర్ డబ్బా మొత్తం బయటికి లాగాలి."

ఆయన టోపీ చేతుల్లో నలుపుతూ, ఎవరైనా వింటారేమో అన్నట్టు గొంతు తగ్గించాడు.

"తీస్తే తియ్యి... ఆ వాసన మాత్రం పోకూడదు."

"ఏ వాసన?"

"కొట్టు దగ్గర బురుల్ ఎక్కుతుంది మేస్త్రీ. కనుమ దిగేదాకా నా పక్కనే ఉంటుంది. జనం భయపడి నా కారెక్కడం మానేశారు. మాననీ! నేను మాట్లాడుకోడానికి ఆ కాసేపైనా ఒక మనిషుంది."

నాకు భయమూ వేసింది, జాలీ వేసింది, దాచుకోవడమెందుకు.

ఆయన వెళ్ళాక పనిలో దిగాను. ముందు సీట్లు తీశాను. నీళ్ళు దింపి, గొట్టాలు ఊడదీసి, డాష్‌బోర్డు కిందనుంచి డబ్బాని అటూ ఇటూ ఊపుతూ లాగాను. తుప్పు పట్టిన మరలు వేళ్ళు చీరేశాయి. క్లిప్పులు ఎత్తి డబ్బాని రెండు చెక్కలు చేశాను—

లోపల ఎలకల గూడు!

గొర్రె బొచ్చు, గుడ్డపీలికలు, వాటి మధ్య... బోర్సోకులు. రాళ్ళలా ఎండిపోయాయి గానీ జిడ్డు వదల్లేదు. ఒక ముక్క పొయ్యి మీద పెట్టి చూశాను. గుప్పున అదే వాసన.

అప్పుడు వెలిగింది నాకు. మొగుడు దారిలో తింటాడని బురుల్ బోర్సోకులు తెచ్చి కారు ముందు అద్దం కింద కుప్పపోసేది. వేడిగాలి తగులుతుంది, చల్లారవని. కొన్ని గాలి సందుల్లోంచి హీటర్ డబ్బాలోకి జారాయి, మిగతావి ఎలకలు చేరవేసుకున్నాయి. మరి కొట్టు దగ్గరే వాసనెందుకు? కనుమ గాలి ఈడ్చి కొట్టేది అక్కడే. ఎంతటి పిసినారి డ్రైవరైనా హీటర్ వేసేది అక్కడే! అన్నట్టు, ఆ వాసన తగిలిందన్న వాళ్ళంతా ఇమాన్‌కుల్ కారెక్కిన వాళ్ళే.

సాయంత్రం ఆయన రాగానే గూడు తీసి చూపించాను.

"ఇదిగో అన్నా, కనుమ దెయ్యం! నీ కారులో ఎలకలు కాపురం పెట్టాయి" అని పకపకా నవ్వాను.

ఆయన నవ్వలేదు. ఒక ముక్క అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"అయితే... ఇన్నాళ్ళూ తను రాలేదన్నమాట."

గూడుని బల్ల మీద పెట్టేశాను.

"గురువారం సాయంత్రం ప్రతి ఇంట్లోనూ పోయినవాళ్ళ కోసం నూనె కాచి బోర్సోకులు వేస్తారు కదా. ఆ వాసనే వాళ్ళకి తిండి. నా ఇంట్లో ఆడదిక్కు లేదు. తనే వాసన వెంటబెట్టుకొస్తోంది, కడుపు నిండే ఉందిలే అనుకున్నాను..." ఆయన ముక్కని గుప్పిట మూశాడు. "పస్తు పెట్టాను మేస్త్రీ. ఇన్నాళ్ళూ దాన్ని పస్తు పెట్టాను."

"నువ్వే కాచకూడదా అన్నా?"

"మగాణ్ణి... నలుగురూ నవ్వరూ?"

"నవ్వితే నవ్వనీ. వాళ్ళ సొమ్మేం పోయింది?"

డబ్బా కడిగి, కొత్త రేడియేటర్ వేసి బిగించాను. వేడిగాలి జమ్మని కొట్టింది. వాసన మాత్రం లేదు. ఆయన హీటర్ వేసుకుని, ముఖం గాలికి ఆనించి, నా వాకిట్లోనే చాలాసేపు కూచున్నాడు. తర్వాత చెప్పకుండానే వెళ్ళిపోయాడు.

ఆ గురువారం కనుమ అవతల లారీ ఒకటి ఆగిపోయిందంటే వెళ్ళాను. తిరిగొచ్చేసరికి మసకచీకటి. మంచు పడుతోంది. కొట్టు ముందున్న మలుపు తిరిగాను...

వాసన!

కాగిన నూనె. దాంతోపాటు కాస్త మాడు కూడా.

ఊళ్ళోవాళ్ళ కార్లన్నీ వెచ్చబెట్టే నా కారుకి హీటరే లేదు. ఇందులో ఎవరూ ఏనాడూ ఒక్క బోర్సోకు తిన్నది లేదు. ఆపకూడదు, ఆపకూడదు అనుకుంటూనే...

కొట్టు పక్కన ఇమాన్‌కుల్ కారు కనిపించింది!

అమ్మయ్య! పోయిన ప్రాణం లేచొచ్చింది. మొత్తానికి ధైర్యం చేశాడే మనిషి! నా పిరికితనానికి నేనే నవ్వుకుంటూ, వేడివేడిగా రెండు తినొచ్చని ఆశపడుతూ లోపలికెళ్ళాను.

లోపల టార్చి వెలుగు తప్ప మంట లేదు. పాత పొయ్యి ముందు ఇమాన్‌కుల్ మోకాళ్ళ మీదున్నాడు. చుట్టూ కాలిపోయిన అగ్గిపుల్లలు. గుడ్డమీద పిండిముక్కలు తెల్లగా, పచ్చిగానే ఉన్నాయి.

"మంచి సమయానికొచ్చావ్ మేస్త్రీ. పుల్ల గీస్తే చాలు, గాలి ఆర్పేస్తోంది. దానికి తోడు ఈ నూనె చూడు..."

సీసా తలకిందులు చేశాడు. చలికి గడ్డకట్టిన నూనె... ఒక్క చుక్క జారలేదు.

బాణలి ముట్టుకున్నాను. మంచుముద్ద.

"ఏంటి, అలా పాలిపోయావ్?"

"అన్నా... వాసన... మలుపు దగ్గర్నుంచీ వస్తోంది."

ఆయన అగ్గిపెట్టె కింద పెట్టాడు. బయట గాలి ఊళ పెడుతోంది. గుసగుసగా అడిగాడు.

"మాడు వాసనా?"

తలూపాను.

ఆయన కళ్ళనిండా నీళ్ళు. నెమ్మదిగా పొయ్యి ముందునుంచి పక్కకి జరిగాడు, ఇంకో మనిషి కూచునేంత చోటిచ్చి.

"మొదటి వాయి ఎప్పుడూ మాడుస్తుంది" అన్నాడు.