చక్కెర మల్లెలు

కూతురి పెళ్లినాడైనా లిదియమ్మ మొగుడికి చక్కెర లేని కాఫీయే పోసింది. ఏం చేస్తుంది మరి? కంట్రోలు కొట్లో ఇచ్చే చక్కెరను ఒక్క పలుకు కూడా నోట్లో వేసుకోకుండా దాచి దాచి, అంతా పువ్వులకే పోసేశాడు ఓబయ్య. ఉదయగిరి బంగళాలో దొరసాని దగ్గర వంట చేసే రోజుల్లో, చక్కెర పొడిని తుమ్మబంక నీళ్లతో ముద్దగా పిసికి పువ్వులు చేయడం నేర్చాడాయన. చుట్టుపక్కల ఏ క్రైస్తవుల పెళ్లి కేకు మీదైనా ఆ వంటింట్లో ఆయన చేసిన మల్లెలే.

సొంత బిడ్డ దగ్గరికి వచ్చేసరికి మాత్రం మొండికేశాడు మహానుభావుడు. టీచరు పని చేసే కూతురు వసంతకుమారి ఆత్మకూరు కాంపౌండరు వరప్రసాదాన్ని చేసుకుంటానంది. భార్య పోయినవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. "రెండో పెళ్లివాడి పక్కకి నా బిడ్డను నడిపించుకొని నేను చర్చికి రాను, పో!" అన్నాడు ఓబయ్య. అప్పట్నుంచి తండ్రీకూతుళ్లకు మాటల్లేవు.

అలాంటివాడు ఈ వారం ఇంట్లోనే చక్కెర ముద్ద కలిపాడు. వణికే బొటనవేలి మీద ఒక్కో రేకూ ఒత్తి, పళ్లెం నిండా మల్లెలు చేసి ఆరబెట్టాడు. ఎవరికని లిదియమ్మ అడగలేదు. అడిగితే ఎక్కడ మానేస్తాడోనని భయం. ఇవాళ తెల్లారగానే గడ్డం గీయించుకోవడానికి కూడా వెళ్లాడు. వస్తాడు, బిడ్డ చెయ్యి పట్టుకుంటాడు, అంతే చాలు ప్రభువా అనుకుందామె.

పళ్లెం వైపు చూస్తే ఒక పువ్వుకు సన్నగా బీట కనిపించింది. బంగళా వంటింట్లోకి ఆమె ఏనాడూ పోలేదు. ఈ పనిలో ఆమెకు తెలిసిందల్లా ఈ వారం ఆయన వేసిన కేకలే: "తడిగుడ్డ కప్పమే! గాలి తగిలితే పగిలిపోతాది!" పచ్చి ముద్దకు చెప్పిన మాటను ఆరిన పువ్వులకు పట్టించింది పిచ్చితల్లి. గుడ్డను నీళ్లోడేటట్టు తడిపి, నిండుగా కప్పి, కూతురికి జడ వేయడానికి లోపలికెళ్లింది.

ఓబయ్య వచ్చి, ఉతికిన పంచె కట్టుకొని, పళ్లెం దగ్గరికెళ్లి గుడ్డ ఎత్తాడు. కింద తెల్లటి జిగురు తప్ప ఏమీ లేదు.

"ఎవురే ఈ పని చేసింది?"

"నేనేనయ్యా... పగిలిపోతాయేమోనని..."

"పచ్చిదానికి గదే గుడ్డ! ఆరినదానికి తడి తగిలితే కరిగిపోదా? నీ చేతులు పడిపోను!" అరిచి అరిచి గోడకు చేరగిలబడ్డాడు. "దేవుడికే ఇష్టం లేదు. మీరు పోండి. నేను రాను."

"అయ్యో, నా పాపానికి బిడ్డేం చేసిందయ్యా! నన్ను కొట్టు, చంపు. దాన్ని ఒంటిగా పంపబాక!"

ఆ కేకలకు వసంత తెల్లచీరలో బయటికొచ్చింది. పళ్లెంలో జిగురు చూసింది.

"ఆ మల్లెలన్నీ నాకా నాయనా?"

ఆయన తలెత్తలేదు. "ఊరందరి బిడ్డలకూ చేసినాను. నా బిడ్డకు చేయలేకపోయినాను. ఇంక చక్కెరా లేదు, చేతుల్లో సత్తవా లేదు. వట్టి చేతులతో ఏం మొగం పెట్టుకొని వచ్చేదమ్మా?"

"పువ్వులెవురడిగినారు నాయనా? నువ్వు పలకనినాడే సగం చచ్చినాను. ఆ వట్టి చెయ్యే నాకు గావాల."

ఓబయ్య బావురుమన్నాడు. పంచె చెంగుతో కళ్లు తుడుచుకుని లేవబోయి తూలితే కూతురే పట్టుకుంది. అలా ఆమె ఆసరాతోనే చర్చిలో నడిచాడు.

కేకు బోసిగానే కోశారు. పువ్వులేవని అడిగినవాళ్లందరికీ "నేనే పాడు చేసినానమ్మా" అంటూ లిదియమ్మ కుమిలిపోతూ ఉంది. సాయంత్రం కూతుర్ని ఆత్మకూరు బస్సెక్కించి తిరిగొస్తుంటే మళ్లీ అదే మాట అనబోయింది.

"ఊరుకోవే," అన్నాడు ఓబయ్య. "నోటితో చెప్పాల్సిన మాట. ఇన్ని నెలలు మింగి, పువ్వులతో చెప్పబోయినాను. పాడు చేసింది నేను."