ఒత్తు విరిగిన రోజు

"ఈ డబ్బా వచ్చి నా పిల్లలకి ఒత్తులు నేర్పుతుందా?"

తెలుగు టీచర్ మొదటిరోజే కంప్యూటర్‌ని చూపిస్తూ అలా అడిగేసరికి, బడికి తెలుగు రాత ప్రోగ్రామ్ తయారుచెయ్యడానికి వచ్చిన ప్రోగ్రామర్ తడబడ్డాడు.

"నేర్పేది మీరేనండీ. ఇది దిద్దిస్తుంది, అంతే."

"దిద్దించాలంటే ముందు దానికి రావాలిగా!"

అలా మొదలైన పోట్లాట నెల తిరిగేసరికి అలవాటైపోయింది. ఆమె తప్పులు పట్టేది, అతను సరిచేసేవాడు. తప్పులు తగ్గేకొద్దీ అతనికి బెంగ పెరిగింది. పని అయిపోతే ఈ బడికి ఏ వంకతో రావాలి?

అంతకన్నా పెద్ద బెంగ తల్లిదండ్రుల సమావేశం రోజు పొద్దున్నే వచ్చిపడింది. వరండాలో ఎదురైన టీచర్ ముఖం పాలిపోయి ఉంది.

"ఇవాళ డెమో బాగుంటేనే తెలుగు క్లాసు ఉంచుతారట. హెడ్‌మిస్ట్రెస్ ఇప్పుడే చెప్పారు."

"మరి మీరు?"

"క్లాసే లేకపోతే టీచర్ ఎందుకండీ?"

అతను గబగబా డెమో ఏర్పాట్లకి నడిచాడు.

హాలు నిండింది. బయట వాన. అతను కీ నొక్కాడు. పెద్ద తెరమీద 'అమ్మ' రావాల్సిన చోట 'అమ్‌మ' అని విరిగి వచ్చింది. ల్యాబులో అన్నిటికీ కొత్త తెలుగు ఫాంట్ వేశాడుగానీ, హాల్లో ఉన్న కంప్యూటర్ సంగతే మరిచాడు!

వెనక వరసల్లో గుసగుసలు. హెడ్‌మిస్ట్రెస్ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది.

టీచర్ చటుక్కున లేచి పిల్లలవైపు తిరిగింది.

"పాపం, కంప్యూటర్‌కి ఒత్తు రావట్లేదర్రా! ఎవరు నేర్పుతారు దీనికి?"

"నేను టీచర్! నేను!"

పిల్లలు బోర్డు మీదికి ఎగబడ్డారు. ఒక పాప మునివేళ్ళమీద నిలబడి మకారం పక్కన ఒత్తు పొందిగ్గా దిద్దింది. తల్లిదండ్రులు నవ్వేశారు. ఆ సందట్లో అతను ఫాంట్ ఎక్కించాడు. తెరమీద 'అమ్మ' కుదురుకుంది.

"క్లాసు ఉంటుంది" అని హెడ్‌మిస్ట్రెస్ అన్నాకగానీ ఇద్దరూ ఊపిరి పీల్చుకోలేదు.

అందరూ వెళ్ళాక మెట్ల దగ్గర, వాన తగ్గేదాకా, ఇద్దరే మిగిలారు.

"తప్పు నాది. మీ ఉద్యోగం ఊడగొట్టేవాణ్ణి. అయినా నన్ను కాపాడారు."

"నా క్లాసుని కాపాడుకున్నాను. మధ్యలో మీరున్నారు."

అతను నవ్వలేకపోయాడు. "పని అయిపోయింది. రేపట్నుంచి మిమ్మల్ని చూడకుండా ఎలా ఉండాలో తెలియట్లేదండీ."

ఆమె వానవంకే చూస్తోంది.

"కోపమొచ్చిందా?"

"ఆదివారం మా అమ్మమ్మ మిమ్మల్ని భోజనానికి తీసుకురమ్మంది."

"ఆవిడకి నేనెలా తెలుసు?"

"రోజూ ఇంటికెళ్ళి మిమ్మల్నే తిడతానుగా." ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "'ఎప్పుడు చూసినా వాడి గొడవేనా? పెళ్ళి చేసుకుని తీరిగ్గా తిట్టుకోవే' అంటోంది."