అక్క పేరు మీద చెల్లి రక్తం

మిరపకాయలు నూరిన మట్టి మూకుడు కడగకుండా వదిలేసిందని పొద్దున్నే చెల్లెలి మీద విరుచుకుపడింది అక్క కొనాడు.

"ఆసుపత్రిలో వార్డులన్నీ మెరిపిస్తావట. ఇంట్లో మూకుడు మాత్రం కంటికి ఆనదు!"

"డ్యూటీ టైమైందక్కా, వచ్చి కడుగుతాలే," అంది డుఫియే నర్సు యూనిఫాం బొత్తాలు పెట్టుకుంటూ.

"అప్పటికి చీమలే కడిగేస్తాయి."

మామూలుగా అయితే ఇద్దరూ నవ్వుకునేవారు. ఆ రోజు కొనాడు పొత్తికడుపు పట్టుకుని అరుగు మీద కూలబడింది. గర్భసంచిలో గడ్డ. ఆపరేషన్‌కి వెళ్లి, చేయించుకోకుండానే నిన్న తిరిగొచ్చింది.

డుఫియే పనిచేసే ఆ ఆసుపత్రిలో పాత ఫైళ్లన్నీ ఈ ఏడే, అన్ని ఆసుపత్రులనీ కలిపే కంప్యూటర్‌లోకి ఎక్కించారు. అందులో కొనాడుది బి పాజిటివ్ రక్తం. నిన్న తీసి పరీక్షిస్తే ఓ పాజిటివ్ అని తేలింది. ఈ రికార్డు ఎవరిదో తెలిసేదాకా కత్తి పట్టనన్నాడు డాక్టరు.

ఎవరిదో ఆ ఇంట్లో తల్లికీ కూతుళ్లిద్దరికీ తెలుసు. ఒకప్పుడు గర్భం పోయి డుఫియే నెత్తుటి మడుగులో పడి ఉంటే, ఆమెకు బీమా లేదని కొనాడు తన కార్డుతో, తన పేరు మీదే చేర్పించింది. ఇద్దరిదీ ఒకే పోలిక, ఎవరూ పట్టించుకోలేదు. కుమాసీ నగరంలో ఆ వీధిలో కార్డు ఇవ్వడమంటే ఉప్పు బదులిచ్చినంత తేలిక.

"మిషనే తప్పు రాసిందని చెప్పండే," అంది తల్లి అడోమా, కూరాకు తుంచుతూ.

"మిషన్ మీదికి నెడితే ఊరుకోరమ్మా. ఏ రోజు ఎవరు రాశారో అన్నీ అందులోనే ఉంటాయి," అంది డుఫియే.

"అయితే నోరు మూసుకో! నిన్నగాక మొన్న వచ్చిన ఉద్యోగం. ఇంకొకరి కార్డు వాడిన దాన్ని నర్సుగా ఉంచుతారా?"

"నేను వేరే ఊళ్లో చేయించుకుంటాలే," అంది కొనాడు నీరసంగా.

"ఎక్కడికెళ్లినా నీ పేరు కొట్టగానే నా రక్తమే వస్తుందక్కా!"

బయట వాన మొదలైంది. బదులు కోసం ఆగకుండా డుఫియే ఆ వానలోనే డ్యూటీకి నడిచింది.

సాయంత్రం ముగ్గురూ ఒకే గిన్నె చుట్టూ కూర్చున్నారు. కొనాడు దంచిన దుంపల ఫుఫు ముద్ద తుంచబోయి నొప్పికి వంగిపోయింది. డుఫియే చేయి గిన్నెలోనే ఆగింది.

"రేపు పొద్దున్నే మేట్రన్ దగ్గరికి వెళ్తున్నాను. ఆ రికార్డు నాదని చెప్పేస్తాను."

"పిచ్చిదానా! ఉద్యోగం పోతుందే!" అంది అడోమా.

"పోనీ అమ్మా."

"ఇచ్చింది నేను కదే," అంది కొనాడు. కళ్లనీళ్లు చెంపల మీదికి జారాయి. "నీకెందుకే శిక్ష?"

"ఆ రోజు కార్డు ఇస్తే నీకేమవుతుందని నువ్వు ఆలోచించావా?"

అడోమా గిన్నెలోంచి మాంసం ముక్క తీసి చిన్నకూతురి వైపు జరిపింది.

"తిను," అంది బొంగురుగా. "ఖాళీ కడుపుతో పడుకుంటే పొద్దున్నే ఎలా వెళ్తావు? మేట్రన్ దగ్గరికి నేనూ వస్తాను."